బాపు చెప్పిన పంపకాల లెక్క

మా బాపు బస్సు కండక్టర్. 2011లో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చినప్పుడు నాకు పదకొండేళ్లు. సెప్టెంబర్ 13న మొదలై 42 రోజులు నడిచిన సమ్మె అది. దిగితే జీతం రాదని తెలిసే బాపు దిగాడు. ఆ ఏడు దసరాకు మా ఇంట్లో ఎవరికీ కొత్త బట్టలు రాలేదు. సద్దుల బతుకమ్మ నాడు అమ్మ తన పెళ్లినాటి చీర కట్టుకొని పద్మాక్షి గుండానికి బతుకమ్మను తీసుకుపోయింది. హన్మకొండలో రోడ్డు మీద వంటా వార్పు పెట్టిన రోజు బాపు నన్ను వెంట తీసుకుపోయాడు. లాయర్లు, టీచర్లు, డ్రైవర్లు, ఎవరో తెలియని ఆడవాళ్లు అందరూ ఒకే బంతిలో కూర్చొని తిన్నారు. బాపు పక్కన నేనూ తిన్నాను. రాజకీయం అనే మాట వింటే ఇప్పటికీ నాకు ముందు ఆ పప్పు వాసనే గుర్తొస్తుంది.

ఇంటర్‌లో హెచ్ఈసీ తీసుకున్నాను. నయీంనగర్‌లో మా ఇంటి చుట్టూ హాస్టళ్లన్నీ ఎంసెట్ పిల్లలతో నిండి ఉండేవి. చుట్టాలు నన్ను చూసి "టెన్త్‌ల మార్కులు తక్కువొచ్చినయా బిడ్డా?" అని జాలిగా అడిగేవాళ్లు. మార్కులు బాగానే వచ్చాయి. సమ్మె ఎందుకు జరిగింది, రాష్ట్రం ఎట్లా వచ్చింది అనేది చదువుకోవాలని నేనే ఆ గ్రూపు కోరుకున్నానంటే ఎవరూ నమ్మలేదు.

అమెరికాలో డిగ్రీ నుంచే చదవొచ్చని, కొన్ని చిన్న కాలేజీలు కుటుంబ ఆదాయాన్ని బట్టి విదేశీ పిల్లలకు కూడా సాయం చేస్తాయని మా ఇంగ్లిష్ లెక్చరర్ చెప్పేదాకా నాకు తెలియదు. ఆ సాయం కోసం నింపాల్సిన ఫారం చాలా పెద్దది. బాపు జీతం చీటీ, ఇంటి పన్ను రసీదు, అమ్మ కట్టే చిట్టీ లెక్క ముందేసుకొని మూడు రాత్రులు నింపాను. 2018 ఆగస్టులో ఐయోవా రాష్ట్రంలో, చుట్టూ మొక్కజొన్న చేలున్న ఒక చిన్న ఊళ్లో దిగాను.

మా వైపు అమెరికా చదువంటే ఎమ్మెస్. అందుకే లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే ఏమిటో ఇక్కడ విడమరచి చెప్పాలి. అక్కడ ఎమ్మెస్, పీహెచ్‌డీలు ఉండవు, డిగ్రీ పిల్లలే ఉంటారు. మా కాలేజీ మొత్తంలో రెండు వేల మంది కూడా లేరు. ఏ సబ్జెక్టులో డిగ్రీ కావాలో రెండో ఏడాది చివరికి తేల్చుకుంటే చాలు. ఈలోపు అన్నీ రుచి చూడాలి. నేను పొలిటికల్ సైన్స్‌తో పాటు స్టాటిస్టిక్స్, భూగర్భ శాస్త్రం కూడా చదివాను. క్లాసులో పదిహేను మంది బల్ల చుట్టూ కూర్చుంటాం. ముందురోజు ఎనభై పేజీలు చదివి రావాలి. చదవకపోతే దాక్కోవడానికి వెనుక బెంచీ ఉండదు. మొదటి నెలంతా నేను నోరు విప్పలేదు. మన దగ్గర క్లాసులో మాట్లాడకపోవడం మర్యాద. అక్కడ అది చదవలేదనడానికి గుర్తు. మిడ్‌టర్మ్ నాటికి ఆ సంగతి నాకు అర్థమైంది.

మా వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్‌లోనే పని చేయొచ్చు. నాకు మెస్‌లో గిన్నెలు కడిగే పని దొరికింది. పిల్లలు తిని పెట్టిన ట్రేలు బెల్టు మీద వస్తుంటే మిగిలింది దులిపి, నీళ్లు కొట్టి, మిషన్‌లోకి తోయాలి. ఆవిరికి కళ్లద్దాలు మసకబారేవి. స్కాలర్‌షిప్ అంటే అన్నీ ఉచితమని ఇంట్లో అనుకున్నారు. ఫీజుకు ఇచ్చిన దాని మీద పన్ను లేదు కానీ, గదికీ భోజనానికీ ఇచ్చిన దాన్ని ఆదాయంగా లెక్కగట్టి మాలాంటి విదేశీ విద్యార్థుల దగ్గర 14 శాతం పట్టుకుంటారు. నా గిన్నెల డబ్బుల్లో సగం దానికే పోయేది. వెళ్లబోయే పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ఈ లెక్క ముందే వేసుకోండి. నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ పనిలో నా పక్కన నిలబడే ఆవిడ ఆ ఊరి మనిషే. అరవై రెండేళ్లు. మోకాళ్ల నొప్పితో నిలబడలేకపోయేది. ఇంట్లో కూర్చోవచ్చు కదా అని ఒకరోజు అడిగాను. ఉద్యోగం వదిలితే ఆరోగ్య ఇన్సూరెన్స్ పోతుందని, 65 నిండితే ప్రభుత్వ మెడికేర్ వస్తుందని, అప్పటిదాకా నిలబడక తప్పదని చెప్పింది. ఆ వారమే క్లాసులో 2010 ఆరోగ్య చట్టం మీద చర్చ. ఉద్యోగానికీ ఇన్సూరెన్స్‌కూ ఉన్న ముడి గురించి పుస్తకంలో నలభై పేజీలు ఉన్నాయి. నాకు ఆవిడ మోకాళ్లే కనబడ్డాయి. మొదటిసారి చెయ్యెత్తి మాట్లాడింది ఆ రోజే. మా ఊళ్లో రేషన్‌కార్డు ఉన్నవాళ్లకు ఆరోగ్యశ్రీ ఉందని, అది ఉద్యోగంతో ముడిపడదని చెప్పాను. అందరూ నోట్సు రాసుకున్నారు.

2019 శీతాకాలం ముందు ఫెడరలిజం మీద, అంటే కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య అధికారాల పంపకం మీద ఒక కోర్సు తీసుకున్నాను. ఒకరోజు ప్రొఫెసర్ బోర్డు మీద రెండు రాజ్యాంగాల మాటలు పక్కపక్కన రాశారు. అమెరికా రాజ్యాంగం నాలుగో అధికరణం ప్రకారం, ఉన్న రాష్ట్రంలోంచి కొత్త రాష్ట్రం పుట్టాలంటే కాంగ్రెస్‌తో (అక్కడి పార్లమెంటుతో) పాటు ఆ రాష్ట్ర శాసనసభ కూడా ఒప్పుకోవాలి. 1820లో మసాచుసెట్స్ ఒప్పుకున్నాకే మెయిన్ రాష్ట్రం దాన్నుంచి విడిపోయింది. 1863లో వెస్ట్ వర్జీనియా కథ వేరు. అంతర్యుద్ధంలో వర్జీనియా దేశం నుంచే వైదొలిగింది కాబట్టి, దేశం పక్షాన నిలబడ్డవాళ్లు ఏర్పాటు చేసుకున్న ఇంకో ప్రభుత్వం వర్జీనియా పేరు మీద ఒప్పుకోలు ఇచ్చింది. మన మూడో అధికరణంలో ఒప్పుకోలు మాటే లేదు. రాష్ట్రపతి బిల్లును ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం కోసం పంపాలి. ఆ అభిప్రాయం ఏదైనా సరే, పార్లమెంటు మామూలు మెజారిటీతో రాష్ట్రాన్ని ఏర్పాటు చేయవచ్చు.

"అమెరికా నియమమే మీ దగ్గర ఉంటే తెలంగాణ వచ్చేదా?" అని ప్రొఫెసర్ నన్ను అడిగారు.

నాకు తేదీలన్నీ కంఠతా వచ్చు. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ బిల్లును తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో తీర్మానం చేసింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. జూన్ 2న రాష్ట్రం వచ్చింది. "వచ్చేది కాదు" అన్నాను. అనగానే గొంతు పూడుకుపోయింది. మా అమ్మ పాత చీర, బాపు జీతం లేని నెల, అన్నీ ఎవరో తప్పని కొట్టేసినట్టనిపించింది.

ఆ రాత్రి ఫోన్ చేశాను. అక్కడ తెల్లారి, బాపు డ్యూటీకి పోయే ముందు చాయ్ తాగుతున్నాడు. అంతా విని ఒక్క క్షణం ఆగాడు. "ఇంట్ల పంపకాల కాడ పెద్దోడు ఒప్పుకుంటేనే చిన్నోనికి వాటా అంటే అది ఏనాటికన్న తెగుతదా బిడ్డా? అందుకే గదా పెద్దమనుషుల్ని పిలిచేది" అన్నాడు.

ఫోన్ పెట్టేసి అట్లాగే కూర్చుండిపోయాను. 1956 ఫిబ్రవరి 20న రెండు ప్రాంతాల నాయకులు కుదుర్చుకున్న దాని పేరే పెద్దమనుషుల ఒప్పందం. ఉద్యోగాలు, మిగులు నిధులు, ప్రాంతీయ మండలి అని అందులో రాసుకున్నవి అమలు కాలేదనే కదా 1969లో పిల్లలు రోడ్డెక్కింది. తెలంగాణ సభ్యులు ఎప్పటికీ తక్కువ మందే ఉండే సభలో ఒప్పుకోలు అడిగితే అది దొరకదు. బాపు ఒక్క వాక్యంలో చెప్పింది నేను పన్నెండు పేజీలు రాశాను.

పేపరు వెనక్కి వచ్చింది. చివర ప్రొఫెసర్ చేతిరాత. నీ పక్షం బలంగా రాశావు, ఎదుటి పక్షాన్ని వాళ్లే మెచ్చుకునేంత బలంగా రాయగలవా అని అడిగారు. మార్కు వేయలేదు.

ఇలినాయిలో చదివే ఒక గుంటూరు అమ్మాయి నాకు స్నేహితురాలు. పండగలకు కలిసేవాళ్లం కానీ, ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు. ఈసారి నేనే అడిగాను. "నీ కోపం నాకు అర్థమవుద్దే. మా మాట కూడా విను. మా అన్నయ్య హైదరాబాద్‌లో అప్పు చేసి ఇల్లు కట్టుకున్నాడు. అది మా రాజధాని కూడా అనుకునే కదా కట్టుకుంది. అసెంబ్లీ వద్దని తీర్మానం చేసినా ఎవరూ పట్టించుకోకపోతే ఇక అసెంబ్లీ ఎందుకు? రేపు ఇంకో రాష్ట్రాన్ని ఇలాగే చేస్తే ఏమంటావు?" అంది.

రేపటిదాకా ఆగాల్సిన పని కూడా లేకపోయింది. అంతకు కొద్ది నెలల ముందే, 2019 ఆగస్టులో, అదే మూడో అధికరణం కింద జమ్మూ కశ్మీర్‌ను రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా విభజిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. అభిప్రాయం చెప్పడానికి ఆ రాష్ట్ర శాసనసభే అప్పుడు లేదు, రద్దయి ఉంది. మాకు తలుపు తీసిన తాళంచెవి ఎవరి చేతిలోనైనా ఏ తలుపునైనా తీస్తుందని నాకు అప్పుడు తెలిసింది. పేపరు నాలుగుసార్లు తిరగరాశాను. తెలంగాణ న్యాయమని ఇప్పటికీ నా గట్టి నమ్మకం. కానీ పెద్దమనుషులు ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి, చెప్పింది విని, ఎందుకు కాదంటున్నారో కారణం చెప్పి తీర్పు ఇవ్వాలి కదా. మూడో అధికరణంలో ఆ కారణం చెప్పే బాధ్యత లేదు, అది ఉండాలని రాసి ముగించాను. మార్కు బాగానే వచ్చింది. గుంటూరు అమ్మాయికి పంపితే చదివి, చాలాసేపటికి ఒక్క మాట రాసింది: "మా అన్నయ్యను కూడా పెట్టావు."

తర్వాతి ఫిబ్రవరి 3న ఐయోవా కాకస్, అంటే డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిగా తమకు ఎవరు కావాలో జనం ఒకచోట చేరి చెప్పే సభ. పౌరులం కాని మేము గోడ వారగా నిలబడి చూశాం. ఒక జిమ్‌లో అభ్యర్థికో మూల. జనం తమకు నచ్చిన మూలకు పోయి నిలబడ్డారు, తలలు లెక్కపెట్టారు. 15 శాతం రాని మూల వాళ్లను మిగతావాళ్లు బతిమాలి పిలుచుకున్నారు. ఫలితాలు పంపాల్సిన యాప్ పనిచేయక ఆ రాత్రి లెక్క తేలలేదు. నాకైతే పక్కింటివాళ్లు ఎదురెదురు మూలల్లో నిలబడి నవ్వుకుంటూ మాట్లాడుకోవడమే వింతగా తోచింది. బాపుకు చెబితే ఆయన నవ్వలేదు. "అందరి ముంగటనా? మా నాయన కాలంల దొర చూస్తుంటే ఎవడు పోయి అవతలి మూలకు నిలబడేటోడు?" అన్నాడు. రహస్య ఓటు గురించి అంత సూటిగా చెప్పిన పేజీ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మార్చిలో కరోనాతో క్యాంపస్ ఖాళీ అయింది. వెళ్లే దారిలేని మాలాంటి కొద్దిమందిమి హాస్టల్లో మిగిలాం. జూలై 6న, క్లాసులు పూర్తిగా ఆన్‌లైన్‌లో ఉంటే విదేశీ విద్యార్థులు దేశంలో ఉండకూడదని ప్రకటన వచ్చింది. రెండు పెద్ద యూనివర్సిటీలు కోర్టుకు వెళ్లడంతో 14న దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ ఎనిమిది రోజులు నేను సరిగా నిద్రపోలేదు, ఇంట్లో చెప్పనూ లేదు.

2022లో డిగ్రీ చేతికొచ్చింది. చదువు తర్వాత పని చేసుకోవడానికి 12 నెలలు ఇస్తారు. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఇంకో 24 నెలలు ఉంటుంది, నా చదువుకు లేదు. చికాగోలో ఇమిగ్రేషన్ లాయర్ ఆఫీసులో ఫైళ్లు తయారుచేసే ఉద్యోగంలో చేరాను. తెలుగు ఫోన్లన్నీ నాకే ఇచ్చేవాళ్లు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటొద్దని నియమం. మనవాళ్లు అంతమంది లైన్లో ఉంటే అది కదలదు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒకాయన "మా పాపకు 21 నిండితే నా వీసా నీడ తనకు ఉండదంటున్నరు, నిజమేనామ్మా?" అని అడిగాడు. నిజమే. ఆ మాట మెల్లగా ఎట్లా చెప్పాలో ఏ క్లాసులోనూ నేర్పలేదు. ఆయన ప్రతి నెలా ఫోన్ చేసేవాడు. లైన్ కదలలేదని ప్రతి నెలా చెప్పేదాన్ని.

నా పన్నెండు నెలలూ అయిపోయాయి. 2023 వేసవిలో హన్మకొండ వచ్చేశాను. అదే ఏడు నవంబర్ 30న అసెంబ్లీ ఎన్నికలు. ఓట్ల గురించి నాలుగేళ్లు చదివిన నేను అప్పటిదాకా ఒక్క ఓటూ వేయలేదు. 2018 డిసెంబర్ ఎన్నికలప్పుడు ఐయోవాలో ఉన్నాను. విదేశాల్లో ఉన్నవాళ్లు పేరు నమోదు చేసుకోవచ్చు కానీ, వేయాలంటే మనిషి ఇక్కడికి రావాల్సిందే. బడిలో లైన్లో బాపు నా ముందు నిలబడ్డాడు. బయటికి వచ్చాక ఎవరికి వేశావని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

సాయంత్రం అమ్మ చాయ్ పెట్టింది. "నా మాట ఏదో రాసినవంటివి గదా, ఆ కాగితం తియ్యి" అన్నాడు బాపు. పన్నెండు పేజీలు అప్పటికప్పుడు తెలుగు చేసి చదువుతూ పోయాను. తన మాట వచ్చిన చోట తల కూడా ఊపలేదు. గుంటూరు అమ్మాయి వాళ్ల అన్నయ్య ఇంటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"ఆ పిలగాడు అప్పు దెచ్చి కట్టిండా?"

"అవును బాపూ."

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఆడికెల్లి మళ్ల సదువు."