ఫేయోల్ గని, తాడిపత్రి బండల ఫ్యాక్టరీ

అనంతపురంలో మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో మాకు మేనేజ్‌మెంట్ సైన్స్ ఉంది. మా క్లాసులో చాలామందికి అది పరీక్ష ముందు రోజు చూసుకునే సబ్జెక్టు. సంస్థను ఎలా నడపాలో ఫేయోల్ చెప్పిన 14 సూత్రాల పేర్లు వరసగా గుర్తుపెట్టుకుని, ఒక్కోదాని కింద రెండు లైన్లు రాస్తే మార్కులు పడిపోతాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నాకు బాధంతా అక్కడే.

హెన్రీ ఫేయోల్ కూడా ఇంజినీరే. 1860లో, పంతొమ్మిదేళ్లకు, ఫ్రాన్స్‌లో కొమాంత్రి బొగ్గు గనుల్లో ఉద్యోగానికి చేరాడు. మరుసటి ఏడాది మే నెలలో గని లోపల పనిచేసే గుర్రం ఒకటి కాలు విరగ్గొట్టుకుంది. ఇంకో గుర్రం ఇవ్వమని ఫేయోల్ చీటీ రాశాడు. దాని మీద డైరెక్టర్ సంతకం లేదని గుర్రాల శాల మనిషి ఒప్పుకోలేదు. డైరెక్టర్ ఊళ్లో లేడు, తన బదులు ఎవరినీ పెట్టిపోలేదు. ఎంత బతిమాలినా గుర్రం రాలేదు, అక్కడ బొగ్గు తీసే పని ఆగిపోయింది. ఇదంతా ఫేయోల్ తన నోట్సులో రాసి పెట్టుకున్నాడు. 1888లో అదే కంపెనీ మునిగిపోయే స్థితిలో ఉంటే పగ్గాలు పట్టుకుని నిలబెట్టాడు. సూత్రాలు అచ్చయింది 1916లో, ఆయనకు డెబ్బై దాటాక. అంత అనుభవం మా నోట్సులో 'అధికారం, బాధ్యత సమానంగా ఉండాలి' అన్న ఒక్క లైనుగా మిగిలింది.

మా మామ తాడిపత్రిలో ఒక నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. కటింగ్ మెషిన్ బ్లేడు అరిగిపోతే కొత్తది తేవడానికి సావుకారు ఊ అనాలి. ఆయన ఏ పెళ్లికో పోయి ఫోన్ ఎత్తకపోతే మెషిన్ ఆగినట్టే. పనివాళ్లు వేపచెట్టు కింద కూర్చుంటారు. సాయంత్రం లారీ లోడు కాలేదని మాట పడేది మాత్రం మామే. "లోడు నా నెత్తిన, బ్లేడు ఆయన చేతిలో. ఏం చేసేది పాపా" అంటాడు. గుర్రం సంగతి చెబితే పూర్తిగా విని, "ఆ పిల్లోడు పెద్దయినాక సంతకం రూలు మార్చినాడా?" అని అడిగాడు. మా క్లాసులో ఇంత మంచి ప్రశ్న నేను వినలేదు.

నన్ను ఇంకా వదలని పేరు టేలర్, పనిని కొలిచి పద్ధతి మార్చాలన్న అమెరికా ఇంజినీరు. బెత్లెహామ్ స్టీల్ కంపెనీలో ఒక కూలీ రోజుకు 12.5 టన్నుల ఇనుప దిమ్మలు మోసేవాడనీ, తన పద్ధతిలో 47.5 టన్నులు మోశాడనీ ఆయన రాశాడు. కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. అంటే పని నాలుగింతలకు దగ్గరైతే కూలి 60 శాతమే పెరిగింది. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే కనిపిస్తుంది. ఆ కథను టేలర్ చెప్పిన తీరును తర్వాతి పరిశోధకులు తప్పుపట్టారు కూడా.

అయితే అదే టేలర్ ఇంకో మాట కూడా రాశాడు. 92 పౌండ్ల దిమ్మ, అంటే దాదాపు 42 కిలోలు, మోసే మనిషి రోజులో 43 శాతం సేపే బరువు మీద ఉండాలి, మిగతా 57 శాతం చేతులు ఖాళీగా ఉండాలి అని. విశ్రాంతిని కూడా లెక్కలోకి తెచ్చాడు. మా నోట్సులో టన్నులున్నాయి కానీ ఈ 57 లేదు.

తాడిపత్రిలో లారీకి బండలెత్తే వాళ్లను దగ్గర నుంచి చూశాను. వేళ్లకు పాత ట్యూబు ముక్కలు తొడుక్కుని, ఇద్దరిద్దరు బండను అంచు మీద లేపి, లారీలో నిలువుగా పేర్చి, మధ్యలో గడ్డి దూరుస్తారు. కూలి లోడుకింత అని గుత్త, కాబట్టి వాళ్లంతట వాళ్లు ఆగరు. ఎంతసేపు మోస్తున్నారో, ఎంతసేపు ఆగుతున్నారో అక్కడ ఎవరూ రాయలేదు.

నా మినీ ప్రాజెక్టు ఇదే కావాలని సార్‌ను అడిగాను. మెకానికల్ వాళ్లు ఏదో ఒక మెషిన్ చేసి చూపించాలి కదా అన్నారు. స్టాప్‌వాచ్, కాటా, థర్మామీటర్‌తో చేసేది కూడా ఇంజినీరింగే అని రాతపూర్వకంగా ఇచ్చాను. జవాబు రావాలి. వచ్చినా రాకపోయినా మే నెలలో, మధ్యాహ్నం లోడింగ్ అప్పుడే లెక్క తీస్తాను. మామ వెళ్లి లోడింగ్ మేస్త్రీతో మాట్లాడాడు. మేస్త్రీ ఒక షరతు మీద ఒప్పుకున్నాడు: లెక్క తేలాక సావుకారు కంటే ముందు వాళ్లకు చూపించాలి. సరే అన్నాను.