వేంపల్లె రాయి, ఆదికాండం 1:27

"దేవుడు తన స్వరూపమందు నరుని సృజించెను, దేవుని స్వరూపమందు వాని సృజించెను, స్త్రీనిగాను పురుషునిగాను వారిని సృజించెను."

ఈ వచనం చదివేటప్పుడు మా నాన్న "వాని" అనే మాట దగ్గర కొంచెం ఆగుతారు. పాస్టరుగా రిటైరై చాలా ఏళ్లయినా, ఇంటి ప్రార్థనలో కూడా అక్కడ ఆగాల్సిందే. అన్నయ్య కాలేజీలో జియాలజీ చెబుతాడు. సెలవులకి వాడు ఇంటికొచ్చాడంటే ఆదివారం భోజనాల దగ్గర గొడవ ఖాయం.

"అయితే మనం కోతి నుంచి పుట్టామంటావు."

"కోతి నుంచి కాదు నాన్నా. కోతులకీ మనకీ ఎప్పుడో వెనక పూర్వీకులు ఒక్కరే."

"అప్పుడు నువ్వు చూశావా? ‘నేను భూమికి పునాదులు వేసినప్పుడు నీవెక్కడ నుంటివి?’ అని యోబునే అడిగాడు దేవుడు."

"చూడక్కర్లేదు. రాయి చెబుతుంది."

ఇద్దరూ అన్నం ముందు పెట్టుకుని పోట్లాడుకుంటుంటే పప్పుచారు చల్లారిపోయేది. అమ్మ విసుక్కునేది.

ఇది బైబిలుకీ సైన్సుకీ మధ్య తగాదా అని చాలాకాలం అనుకున్నాను. చిక్కంతా "నమ్మడం" అనే మాటలో ఉందని ఈ మధ్యే అనిపిస్తోంది. నాన్నకి నమ్మడమంటే ఒకరి మీద బరువు వేసి నిలబడటం. నమ్మినబంటు అంటామే, ఆ నమ్మకం. అన్నయ్యకి నమ్మడమంటే రుజువు లేనప్పుడు చేసే పని. "నువ్వు ఎవల్యూషన్ని నమ్ముతావా?" అని నాన్న అడిగితే, "నమ్మేదేముంది, తేలిపోయింది కదా" అంటాడు వాడు. ఆ జవాబు నాన్న చెవికి "నాకెవరూ అక్కర్లేదు" అన్నట్టు వినిపిస్తుంది. ఇక చర్చి వాట్సాప్ గ్రూపులో "శాస్త్రవేత్తలు నిజం దాస్తున్నారు" అనే వీడియో వస్తే, నాన్న దాన్ని అమాయకంగా అన్నయ్యకి పంపిస్తారు. మే నెల ఎండలో సుత్తి పట్టుకుని గుట్టలెక్కే మనిషికి, నువ్వు అబద్ధాలకోరువి అన్నట్టు ఉండదా?

నాన్న వైపు సంగతి తెలియాలంటే ఒంగోలు చరిత్ర కొంచెం చెప్పాలి. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలం అది. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. మా వాళ్లూ ఆ గుంపులో ఉన్నారని ఇంట్లో చెప్పుకుంటారు. అదైన డెబ్బై ఏళ్లకి కూడా నాన్న చిన్నప్పుడు ఊళ్లో దాహమేస్తే దోసిలి పట్టాలి, పైనుంచి నీళ్లు పోసేవారు. చెంబు తగలనిచ్చేవారు కాదు. అలాంటి పిల్లాడు రాత్రిబడిలో లాంతరు ముందు కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యాల్లో ఒకటి "దేవుని స్వరూపమందు వాని సృజించెను". ఆ "వాని"లో ఆయన తనని చూసుకున్నారు. ఒకటో వచనం సడలితే ఇరవై ఏడోది నిలుస్తుందా అన్నదే ఆయన భయం. కోతి అనేది పైకి మాట. లోపల అడుగుతున్నది, "నేను ఎవరి మనిషిని?" అని. అన్నయ్య దానికి కోట్ల ఏళ్ల లెక్క చెబుతాడు. లెక్క సరైనదే, కానీ అది ఆ ప్రశ్నకి జవాబు కాదు.

అన్నట్టు, భూమి పుట్టి ఆరువేల ఏళ్లేనని నాన్న పట్టుకు కూర్చున్న లెక్క ఏ వచనంలోనూ లేదు. సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని 1650లో ఐర్లండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ వంశావళులు కూడి కట్టిన లెక్క అది. తర్వాత ఇంగ్లీషు బైబిళ్ల మార్జిన్లలో అచ్చయింది. నాన్న దగ్గరున్న పాత ఇంగ్లీషు బైబిల్లోనూ ఉంది. 1925లో అమెరికాలోని డేటన్‌లో, బడిలో పరిణామం చెప్పాడని ఒక టీచరు మీద జరిగిన విచారణ గురించి వినే ఉంటారు. అందులో బైబిలు పక్షాన నిలబడిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్ కూడా సృష్టి దినాలు ఇరవైనాలుగు గంటలవే కానక్కర్లేదని ఒప్పుకున్నాడు. ఈ మాట చెబితే నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, ఏమీ అనలేదు.

సండే స్కూల్లో ఒక పిల్ల నన్ను అడిగింది: "ఆంటీ, సూర్యుడు నాలుగో రోజు కదా వచ్చింది, మరి మొదటి మూడు రోజులు ఎలా తెల్లారింది?" నాకు చెమటలు పట్టాయి. తర్వాత తెలిసింది, పదహారువందల ఏళ్ల కిందటే క్రైస్తవ బిషప్పు అగస్టీను కూడా దీని దగ్గర తలపట్టుకున్నాడని. ఆకాశం, నక్షత్రాల గురించి తెలియని సంగతులు వాక్యం పేరుతో చెప్పి, తెలిసినవాళ్ల ముందు వాక్యాన్ని నవ్వులపాలు చెయ్యొద్దని హెచ్చరించింది కూడా ఆయనే.

పోయిన సంక్రాంతికి అన్నయ్య కడప జిల్లా వేంపల్లె దగ్గర దొరికిన రాయి ముక్క ఒకటి తెచ్చాడు. ఉల్లిపాయని అడ్డంగా కోసినట్టు పొర మీద పొర. కంటికి కనబడని జీవులు లోతు తక్కువ నీళ్లలో జిగటగా పరుచుకుని, మట్టి రేణువుల్ని పట్టుకుంటూ కట్టిన పొరలట, స్ట్రొమటోలైట్ అంటారు. దీని పైపొరల్లోకి చొచ్చుకొచ్చిన కరుగు రాయి వయసు, యురేనియం సీసంగా మారే వేగాన్ని బట్టి లెక్కిస్తే 188 కోట్ల ఏళ్లు తేలింది. అంటే ఇది అంతకంటే పాతది. అలాంటి జీవులు వదిలిన ఆక్సిజన్ వల్లే గాలి మనం పీల్చేలా మారిందన్నాడు.

నాకు ఒళ్లు జలదరించింది. "నేలమంటితో నరుని నిర్మించి జీవవాయువును ఊదగా... ఇదే కదా అన్నయ్యా!" అన్నాను.

"వద్దమ్మా. అలా అతికించకు, రేపు మా లెక్క మారితే నీ వాక్యం కూడా మారుస్తావా?" అన్నాడు. విశ్వం ఒక ఆది అణువు నుంచి విచ్చుకుందని 1931లో చెప్పిన జార్జి లెమైత్ర్ స్వయంగా కాథలిక్ ఫాదరే. 1951లో పోపు ఆ సిద్ధాంతంలో సృష్టికర్తకి సాక్ష్యం చూసినప్పుడు లెమైత్ర్ కూడా ఇబ్బంది పడ్డాడట. నాకు కొంచెం చిన్నతనం అనిపించింది.

నాన్న ఇదంతా వింటూ రాయిని ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో తడుముతున్నారు.

"లోపల కూడా ఇలాగే ఉంటుందా?"

"ఉంటుంది నాన్నా. తడిపితే ఇంకా బాగా కనబడుతుంది."

పక్కనున్న చెంబు అందుకుని, పైనుంచి కాకుండా రాయికి ఆనించి, నీళ్లు మెల్లగా వంపారు. బూడిద రంగు గీతలు నల్లగా తేలాయి. అన్నయ్య ముందుకి వంగాడు. ఇద్దరూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు, ఒకటి, రెండు, మూడు అని, పైకే.