36 ఫ్రేముల బీసెంట్ రోడ్డు

పాత నెగటివ్‌లు స్కాన్ చేయిస్తున్నా. అన్నీ 2000 తర్వాత బెజవాడ బీసెంట్ రోడ్డులో తీసినవే. ఫిల్మ్ రోల్‌కి 36 ఫొటోలు, అంతే. సాయంత్రం వెలుతురులో తీయాలంటే తక్కువ వెలుతురుకీ పనికొచ్చే 400 స్పీడ్ ఫిల్మ్ ముందే వేసుకోవాలి. అందుకే బటన్ నొక్కేముందు మనిషిని నిజంగా చూసేవాణ్ణి.

ఒక ఫొటో దగ్గర ఆగిపోయాను. చెప్పుల బండి ముందు ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. ఒకరిది జీన్స్ మీద పొట్టి కుర్తీ. రెండో అమ్మాయిది పంజాబీ డ్రెస్, చున్నీ మడతలు పెట్టి రెండు భుజాల దగ్గరా పిన్నులు, జడలో మల్లెలు. అప్పుడవి మామూలు బట్టలు. ఇప్పుడు ఆ చున్నీ పిన్నుల్లోనే ఒక కాలం మొత్తం కనిపిస్తోంది.

2004లో నికాన్ డీ70 అనే డిజిటల్ కెమెరా వచ్చింది, 6 మెగాపిక్సెళ్లతో. అలాంటిది చేతికొచ్చాక వెనక తెరలో ఫొటో చూపిస్తే జనం ఎంత సంబరపడేవారో! (ఆ సంబరం నాకూ ఇష్టమే.) కానీ వెంటనే "ఇంకోటి తియ్యన్నా" అని కాలర్ సర్దుకుని నిలబడేవారు. వీధి బట్టల్ని ఉన్నదున్నట్టు పట్టింది మాత్రం ఫిల్మే అని నా నమ్మకం.

మీ ఇళ్లలో నెగటివ్‌లుంటే పారేయకండి. మన ఉక్కకి, తేమకి ఫంగస్ పట్టేస్తుంది, త్వరగా స్కాన్ చేయించండి.