అందని వివరం, ఆగని మందు

గురువారం, బెంగళూరు

మా ట్రస్టుకు వర్తూరులో ఒక క్లినిక్కు, హొసకోటె దారిలో భవన నిర్మాణ కూలీల షెడ్ల దగ్గర సాయంత్రం పూట మాత్రమే నడిచే ఇంకో చిన్న క్లినిక్కు ఉన్నాయి. రెండు చోట్లా రోగుల వివరాలను టాబ్లెట్లలోనే రాస్తారు. అవి కేంద్ర సర్వర్‌కు చేరుతున్నాయో లేదో చూసుకోవడం నా పని. ఈరోజు పొద్దున్నే షెడ్ల దగ్గరి సిస్టర్ ఫోన్ చేసి, తెర మీద మబ్బు గుర్తుకు ఎర్ర చుక్క పడి సోమవారం నుంచి పోవడం లేదని చెప్పింది. నా దగ్గరి పట్టికలో చూస్తే అదే టాబ్లెట్ పక్కన ఆకుపచ్చ గుర్తు ఉంది, పది నిమిషాల కిందట కూడా అది సర్వర్‌ను పలకరించినట్టు ఉంది. రెండూ నిజమే అయితే పలకరింపు జరుగుతోంది కానీ పని జరగడం లేదన్న మాట. సర్వర్ లాగ్ తెరిచి చూశాను. టాబ్లెట్ ఒకే రికార్డును పదే పదే పంపుతోంది, సర్వర్ దాన్ని ప్రతిసారీ 422 అనే సంఖ్యతో, అంటే వివరంలో తప్పుందని, తిప్పి పంపుతోంది.

టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సు మారి షెడ్లకు చేరేసరికి సాయంత్రమైంది. సిస్టర్‌ది చింతామణి, వచ్చే రోగుల్లో కర్నూలు, అనంతపురం వాళ్లతో తెలుగులోనూ, రాయచూరు వాళ్లతో కన్నడంలోనూ తడుముకోకుండా మాట్లాడుతుంది.

"నేను రాసినవన్నీ పోయినాయా సార్?" అన్నది ఆమె మొదటి ప్రశ్న.

"ఒక్కటి కూడా పోలేదు సిస్టర్. అన్నీ ఈ టాబ్లెట్‌లోనే ఉన్నాయి, ముందున్నది కదలక వెనకవి ఆగిపోయాయి."

ఆ ముందున్నది ఒక తాపీమేస్త్రీ రికార్డు. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరులో 14 అంకెలుండాలి. అతని నంబరులో 13 మాత్రమే పడ్డాయి. టాబ్లెట్ ఆ పొరపాటును పట్టుకోకుండా తీసుకుంది, సర్వర్ పట్టుకుని వద్దంది. ఒక రోగి పేరు నమోదు కాకముందే అతని పరీక్షల వివరాలు సర్వర్‌కు చేరకూడదు కనుక రాసిన వరసలోనే పంపాలన్నది సాఫ్ట్‌వేర్ నియమం. ఆ నియమం ఒక్కొక్క రోగి వరకు న్యాయమే. కానీ దాన్ని టాబ్లెట్ మొత్తానికి వర్తింపజేయడం వల్ల మేస్త్రీ నంబరులో లేని ఒక్క అంకె కోసం అతనితో ఏ సంబంధమూ లేని గర్భిణుల, షుగర్ రోగుల, పసిపిల్లల వివరాలు మూడు రోజులు కదలలేదు. ఈ నిర్మాణాన్ని నేను ఒప్పుకోలేను.

ఆభా నంబరు స్వచ్ఛందం, అది లేదని వైద్యం ఆపనక్కర లేదు. ఆ గడిని ఖాళీగా ఉంచి, మేస్త్రీ మళ్లీ వచ్చినప్పుడు అడగమని సిస్టర్‌కు చెప్పి, రికార్డును విడిపించాను. వెంటనే వరస కదిలింది. మధ్యలో ఒకసారి సిగ్నల్ తెగింది. సర్వర్ కొన్నింటిని తీసుకుంది కానీ తీసుకున్నానన్న కబురు టాబ్లెట్‌కు చేరలేదు, అందువల్ల టాబ్లెట్ వాటినే మళ్లీ పంపింది. దీనికి మాత్రం సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లను మెచ్చుకోవాలి. ప్రతి రికార్డుకూ పుట్టినప్పుడే టాబ్లెట్‌లోనే ఒక ప్రత్యేక గుర్తు పడుతుంది కాబట్టి, రెండోసారి వచ్చినదాన్ని సర్వర్ గుర్తుపట్టి పక్కకు పెట్టేస్తుంది. ఆ ఏర్పాటు లేకపోతే ఒకసారి ఇచ్చిన మందు రెండుసార్లు ఇచ్చినట్టు లెక్కపడి, మందుల గదిలో ఉన్న నిల్వకూ కాగితం మీది నిల్వకూ పొంతన ఉండదు.

వరస దాదాపు ఖాళీ అయ్యాక ఒక రికార్డు దగ్గర సర్వర్ 409 అంది. ఇది తప్పు ఉందని చెప్పడం కాదు, ఒకే విషయం గురించి రెండు చోట్ల నుంచి రెండు మాటలు వచ్చాయని చెప్పడం. ఆ రికార్డు ఆదోని వైపు నుంచి వచ్చి, కొడుకూ కోడలూ పనికి పోతే మనవళ్లను చూసుకునే ఒక పెద్దామెది. సోమవారం సాయంత్రం ఇక్కడి డాక్టరు ఆమె పాదాల వాపు చూసి, బీపీకి వాడుతున్న ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర ఆపి, టెల్మిసార్టాన్ 40 రాశారు. ఆమ్లోడిపిన్‌తో కాళ్లు వాయడం డాక్టర్లందరికీ తెలిసిన సంగతే. నిన్న పొద్దున ఆమె నెలవారీ మాత్రల తేదీ అని వర్తూరు క్లినిక్కుకు వెళ్లింది. అక్కడి టాబ్లెట్‌కు సోమవారం సంగతి అందలేదు కనుక, పాత చీటీ ప్రకారమే 30 ఆమ్లోడిపిన్ మాత్రలు ఇచ్చి పంపారు.

సిస్టర్ కబురు పెడితే ఆమె చిన్న మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది. ఏ మాత్రలు వేసుకుంటున్నావమ్మా అని అడిగితే రెండు రకాల మాత్రల అట్టలూ కొంగుముడిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"సోమారం ఇచ్చినవీ మింగుతాండా, నిన్న ఇచ్చినవీ మింగుతాండా నాయనా. రెండూ మీ ఆస్పత్రివే గదా."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆమె దృష్టిలో ఆస్పత్రి ఒక్కటే, అలా ఉండాలనే కదా ఇంత యంత్రాంగం పెట్టుకున్నాం. సిస్టర్ డాక్టరుకు ఫోన్ చేసింది; ఆయన ఆమ్లోడిపిన్ అట్ట వెనక్కి తీసుకోమన్నారు. బీపీ చూస్తే 140/90 లోపే ఉంది. ఈ రెండు మందులూ కలిపి వాడటం వైద్యంలో ఉన్నదే కాబట్టి పెద్ద ప్రమాదం జరగలేదు, కానీ పాదాల వాపు మాత్రం అలాగే ఉంది. వేలితో నొక్కితే గుంట పడి నిదానంగా పూడింది.

రోగి వచ్చిన ప్రతిసారీ రాసే వివరం దేనికది విడిగా ఉంటుంది కాబట్టి వాటి మధ్య తగవు రాదు. 'ప్రస్తుతం వాడుతున్న మందులు' అన్న జాబితా ఒక్కటే కావడం వల్ల అక్కడే వస్తుంది. రెండు టాబ్లెట్లూ ఆ జాబితా 6వ వెర్షన్ మీదే పని చేసి, ఎవరికి వారు 7వ వెర్షన్ తయారు చేశారు. చాలా సాఫ్ట్‌వేర్లలో ఇలాంటప్పుడు గడియారం ప్రకారం తర్వాత రాసినదే నిలుస్తుంది. ఇక్కడ ఆ పద్ధతే ఉంటే బుధవారంది సోమవారం కన్నా తర్వాతిది కాబట్టి, వాపు చూసి డాక్టరు ఆలోచించి తీసుకున్న నిర్ణయం మందుల జాబితాలో లేకుండా పోయి, ఆమ్లోడిపిన్ మళ్లీ వచ్చి కూర్చునేది. వేరువేరు యంత్రాల్లో జరిగిన పనుల వరసను గడియారాలను నమ్మి తేల్చలేమని, ఏది దేనికి తెలిసే అవకాశం ఉందో చూడాలని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే తన వ్యాసంలో వివరించారు. బుధవారం మందు ఇచ్చిన చేతికి సోమవారం సంగతి తెలియదు. ఎంత తర్వాత రాసినా అది సోమవారం మాటకు జవాబు కాదు. కౌచ్‌డీబీ అనే డేటాబేస్ కూడా ఇలాంటి చోట ఒకదాన్ని పైకి చూపించినా రెండోదాన్ని చెరపదు, తగవు ఉందన్న గుర్తుతో దాచి ఉంచుతుంది. మా సాఫ్ట్‌వేర్ రెండింటినీ డాక్టరు ముందు పక్కపక్కన పెట్టి అడుగుతుంది. ఆలస్యమైనా నేను కోరేది అదే, ఎందుకంటే ఏ మందు ఆపాలో తేల్చే అధికారం యంత్రానికి ఎవరూ ఇవ్వలేదు.

ఆ తెర మీదే ఇంకొకటి గమనించాను. 'పడని మందులు' అన్న గడి వర్తూరు రికార్డులో ఖాళీగా ఉంది, ఇక్కడి రికార్డులో 'అడిగాం, ఏవీ లేవు' అని ఉంది. ఖాళీ అంటే ఎవరూ అడగలేదని మాత్రమే అర్థం. రికార్డులను కలిపేటప్పుడు ఖాళీని 'లేవు'గా మార్చే సాఫ్ట్‌వేర్ ఏ రోజుకైనా ఒకరి ప్రాణం మీదికి తెస్తుంది. ఆరోగ్య వివరాల మార్పిడికి వాడే ఫైర్ (FHIR) ప్రమాణంలో పడని మందులు లేవని చెప్పడానికి విడిగా ఒక నమోదు చేసే వీలు పెట్టింది ఇందుకే. సిస్టర్ అడిగి రాసిన ఆ చిన్న మాట విలువ ఎంతో ఆమెకు చెప్పాను.

రాత్రి ఇంటికి వచ్చాక, రోగి పేరూ ఊరూ లేకుండా జరిగినదంతా రాసి సాఫ్ట్‌వేర్ వాళ్లకు పంపాను. ఆభా అంకెలను టాబ్లెట్‌లోనే లెక్కపెట్టాలి. తిరస్కరించిన రికార్డు తన రోగినే ఆపాలి తప్ప మిగతావాళ్లను ఆపకూడదు. కారణాన్ని 422 అని కాకుండా సిస్టర్ చదవగలిగే కన్నడంలోనో తెలుగులోనో చూపించాలి. నా పట్టికలో చివరి పలకరింపు సమయం బదులు, ఇంకా చేరని రికార్డుల్లో అన్నిటికన్నా పాతది ఎప్పటిదో కనిపించాలి. అన్నిటికన్నా గట్టిగా అడిగినది మందు రాసే తెర గురించి: ఈ రోగి చికిత్స పొందే ఇంకో క్లినిక్కు నుంచి వివరాలు ఆగి ఉంటే ఆ సంగతి మందు పేరు పైనే, ఏ రోజు నుంచి ఆగాయో సహా కనపడాలి. సోమవారం నుంచి షెడ్ల దగ్గరి వివరాలు రాలేదన్న ఒక్క వాక్యం నిన్న వర్తూరులో కనిపించి ఉంటే, మొన్న అక్కడేమైనా మందు మార్చారా అమ్మా అని అడగకుండా ఎవరూ ఆ అట్ట ఇచ్చేవారు కాదు.