పంటి మందు తర్వాత పేగులకొచ్చిన జబ్బు

పన్ను కింద చీము పట్టి చెంప వాచింది. నాకు పెన్సిలిన్ పడదు కాబట్టి క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. అవసరమైన మందే, వాపు తీసేసింది. కోర్సు అయిపోయాక విరేచనాలు పట్టుకున్నాయి. మజ్జిగ, సగ్గుబియ్యం జావ, ఓఆర్ఎస్ నీళ్లు, దేనికీ కట్టలేదు. జ్వరం వచ్చింది, కడుపు మెలిపెట్టేది. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి నుంచి ఆస్పత్రికి ఆటోలో వెళ్లడానికి కూడా భయమేసేంత నీరసం.

మావారు విరేచనాలు ఆపే బిళ్లలు తెస్తే డాక్టరమ్మ వద్దన్నారు. "అసలు కారణం తెలియకుండా అవి వేయకూడదమ్మా, విషం లోపలే ఉండిపోతుంది" అన్నారు. మల పరీక్షలో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా చేసే విషం కనబడింది.

ఇది ఎలా వచ్చిందో ఆవిడ ఓపిగ్గా చెప్పారు. 2016లో వేసిన ఒక అంచనా ప్రకారం మన ఒంట్లో బ్యాక్టీరియా దాదాపు 38 లక్షల కోట్లు, అందులో ఎక్కువ భాగం పెద్దపేగులోనే. లివర్ నుంచి వచ్చే పైత్యరసాన్ని వాటిలో కొన్ని మార్చేస్తాయి. ఆ మారిన రూపం ఈ క్రిమిని పెరగనివ్వదు. యాంటీబయాటిక్ చీములోని క్రిములతో పాటు ఈ మంచివాటినీ చంపేసింది. పైరు పోయిన చేలో కలుపు లేచినట్టు డిఫిసిల్ లేచింది.

దీనికీ మందు యాంటీబయాటికే. వాంకోమైసిన్ ఇంజెక్షన్ పొడిని నీళ్లలో కలిపి తాగించారు. తాగితే రక్తంలోకి దాదాపు వెళ్లదు, పేగులోనే ఉండి పనిచేస్తుంది. ఈ క్రిమి బీజాలు శానిటైజర్‌కి చావవని తెలిశాక మా అత్తయ్యగారు "ఆ సీసా పక్కన పెట్టమ్మాయ్, సబ్బుతో కడుక్కో" అని ఇంట్లో అందరి వెంట పడ్డారు. బాత్‌రూమ్ బ్లీచింగ్‌తో కడిగించారు. ఆవిడ లేకపోతే ఆ రోజులు ఎలా గడిచేవో!

విరేచనాలు తగ్గాక అసలు టెన్షన్ మొదలైంది. సుమారు అయిదుగురిలో ఒకరికి ఇది తిరగబెడుతుందట. మంచి బ్యాక్టీరియా ఉండే ప్రోబయాటిక్ గొట్టం మాత్రలు రాయమని అడిగితే డాక్టరమ్మ రాయలేదు. తర్వాత చదివాను: యాంటీబయాటిక్ వాడాక వాటిని మింగినవాళ్లలో సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఆలస్యమైందని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు 2018లో చూపించారు.

మొదట మెత్తటి పెరుగన్నం, బీరకాయ కూర. పాలు కొన్నాళ్లు పడలేదు, పెరుగు మాత్రం పడింది. తర్వాత పెసరపప్పు, తోటకూర, జొన్నన్నం ఒక్కొక్కటే చేర్చాం. గోంగూర పచ్చడి చాలా ఆలస్యంగా, చివర్లో. పీచును పేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థం తయారుచేస్తాయి, పెద్దపేగు గోడలోని కణాలకు అదే ముఖ్యమైన ఆహారం. వారానికి 30 రకాలకు పైగా కాయలు, ఆకులు, గింజలు తినేవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు ఎక్కువని అమెరికన్ గట్ ప్రాజెక్ట్ అనే పరిశోధనలో తేలింది. రైతుబజారు ఉన్న ఊళ్లో అదేమంత కష్టం కాదు. చిక్కుడు, దొండ, పొన్నగంటి, కంది, ఉలవ, నువ్వులు... మా వంటింట్లో లెక్క ఇట్టే దాటుతోంది. తెల్లబియ్యం మాత్రమే వండుకునే పద్ధతి మా ఇంట్లో పోయింది, నాకు అందులో చాలా సంతోషం.

ఇప్పుడు పంటి డాక్టరైనా, కంటి డాక్టరైనా, నాకొచ్చిన జబ్బు ముందే చెబుతున్నాను. మొన్న జలుబు, దగ్గుతో వెళ్తే వైరస్ వల్ల వచ్చిందని యాంటీబయాటిక్ రాయలేదు. విశ్రాంతి తీసుకుంటే తగ్గింది.