రేడియోగ్రాఫర్ పరీక్ష: ఫ్యాట్ సప్రెషన్‌లో మార్కులు పోయేది ఎక్కడ?

ఫలితాలొచ్చి నాలుగు రోజులైంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ కొట్టులో కనబడిన ప్రతి తమ్ముడూ ‘అన్నా, ఏ పుస్తకం చదివావు?’ అంటున్నాడు. ఎనాటమీ, పొజిషనింగ్, రేడియేషన్ సేఫ్టీ అందరూ చదివేవే, వాటికి పాత పేపర్లు తిరగేస్తే చాలు. మొదటి అటెంప్టులో నన్ను ముంచింది ఎమ్మారై ఫ్యాట్ సప్రెషన్, అంటే స్కాన్‌లో కొవ్వు సిగ్నల్‌ని అణిచి నల్లగా చేయడం. స్టిర్, స్పెయిర్, డిక్సన్ అంటూ ఆ పద్ధతుల పేర్లు బట్టీ కొట్టుకుని వెళ్లాను. వాళ్లు అడిగేది పేర్లు కాదు, ‘చీలమండ స్కాన్‌లో ఒక పక్క కొవ్వు తెల్లగా మిగిలిపోయింది, ఏం చేస్తావు?’ అని.

ఫ్యాట్ శాట్ అంటే కొవ్వుకే గురిపెట్టిన రేడియో పల్స్‌తో దాని సిగ్నల్‌ని అణచడం. దీనికి ఆధారం ఫ్రీక్వెన్సీ. నీటికీ కొవ్వుకీ తేడా 3.5 పీపీఎం (పది లక్షల్లో 3.5 వంతు). అంటే 1.5 టెస్లా (అయస్కాంతం బలం) మెషిన్‌లో సుమారు 220 హెర్ట్జ్, 3 టెస్లాలో 440. పల్స్ ఆ కొవ్వు ఫ్రీక్వెన్సీనే కొడుతుంది. అయస్కాంత ఫీల్డ్ ఎగుడుదిగుడుగా ఉన్నచోట కొవ్వు ఫ్రీక్వెన్సీ పక్కకి జరిగిపోయి గురి తప్పుతుంది. మెడ, భుజం, చీలమండ దగ్గర ఇబ్బందంతా ఇదే. ముందు లోహమేమైనా ఉందేమో చూడండి: గొలుసు, జాకెట్టు హుక్కు, జడపిన్ను. తర్వాత ఆ భాగాన్ని ఐసోసెంటర్‌కి (అయస్కాంతం నడిమధ్యకి) దగ్గరగా తీసుకురండి. భుజమైతే అవతలి భుజం బల్ల అంచుకి చేరేదాకా రోగిని జరపాలి. షిమ్ బాక్స్ (ఫీల్డ్‌ని ఎక్కడ సమం చేయాలో మెషిన్‌కి చూపే గడి) కావలసిన భాగం మీదే పెట్టాలి, గాలి లోపలికి రాకూడదు. రోగి కదిలితే ప్రీస్కాన్ (అసలు స్కాన్‌కి ముందు మెషిన్ చేసుకునే సర్దుబాటు) మళ్లీ మొదటినుంచి చేయాలి.

మెడ చుట్టూ పొడి బియ్యం సంచులు పెట్టే పద్ధతి కూడా ఉంది. చర్మం పక్కనున్న గాలి ఖాళీని అవి నింపడంతో ఫీల్డ్ సర్దుకుంటుంది. బియ్యం నుంచి సిగ్నల్ దాదాపు రాదు. మన జిల్లాలో బియ్యానికి కొదవా!

ఇక అందరూ పడిపోయే గొయ్యి. ప్రీస్కాన్‌లో రెండు పీకులు (సిగ్నల్ శిఖరాలు) కనబడతాయి, ఒకటి నీటిది, ఒకటి కొవ్వుది. మెషిన్ ఆధారంగా తీసుకునే సెంటర్ ఫ్రీక్వెన్సీ నీటి పీకు మీద ఉండాలి. కొవ్వు ఎక్కువున్న బ్రెస్ట్, పాదం లాంటి చోట్ల కొవ్వు పీకే పొడుగ్గా ఉంటుంది, మెషిన్ పీకుల్ని తప్పుగా గుర్తించొచ్చు. పల్స్ నీటి పీకు మీద పడిందా, కొవ్వు తెల్లగా మిగిలి, కండ, కీలులోని ద్రవం నల్లబడతాయి. అందుకే కొవ్వు తెల్లగా కనబడగానే జవాబు టిక్ పెట్టేయకండి, ద్రవం ఏమైందో చూడండి. ద్రవం తెల్లగానే ఉండి కొవ్వు మచ్చలుమచ్చలుగా మిగిలితే తప్పు ఫీల్డ్‌ది, షిమ్ చూసుకోవాలి. ద్రవం నల్లబడితే పీకు తప్పు, చేత్తో నీటి పీకు మీదికి మార్చి మళ్లీ తీయాలి.

స్పెయిర్ అన్నిటికీ మందు అనుకోకండి. దాని ఎడియబాటిక్ పల్స్ బీ1 (రేడియో పల్స్ బలం) తేడాల్ని తట్టుకుంటుంది, బీ0 (అసలు అయస్కాంత ఫీల్డ్) తేడాల్ని కాదు. ఫీల్డ్ చెడితే అదీ చెడుతుంది.

స్టిర్‌కి ఆధారం టీ1, అంటే పల్స్ తర్వాత కణజాలం తేరుకునే సమయం. టీఐ (మొదటి తలకిందుల పల్స్ తర్వాత ఆగే సమయం) అంటే కొవ్వు టీ1ని 0.69తో గుణించడమే. 1.5 టెస్లాలో 150 నుంచి 175 మిల్లీసెకన్లు వేస్తారు, 3 టెస్లాలో 200 దాటుతుంది. టీఐ తప్పితే కొవ్వు మచ్చలుగా కాదు, అంతటా ఒకేలా బూడిద రంగులో మిగులుతుంది. తేడా పట్టుకునేది ఇక్కడే. ఇంప్లాంట్ ఉన్నచోట స్టిర్‌ని బ్యాండ్‌విడ్త్ (సిగ్నల్ తీసుకునే ఫ్రీక్వెన్సీల వెడల్పు) పెంచి వాడాలి. గాడోలినియం (కాంట్రాస్ట్ మందు) ఇచ్చాక మాత్రం వద్దు. కాంట్రాస్ట్ తీసుకున్న కణజాలం టీ1 తగ్గి కొవ్వు టీ1 దగ్గరికి వస్తే, చూడాల్సిన గడ్డే నల్లబడిపోతుంది. నేను తప్పు రాసింది ఈ ప్రశ్నకే. చదవక కాదు, ‘ఎందుకు’ అని అడుక్కోక. రోజుకి పద్నాలుగు గంటలు చదివామని స్టేటస్‌లు పెట్టేవాళ్లు ఈ ముక్కకి జవాబు చెప్పాలి మరి.

డిక్సన్‌లో నీరు, కొవ్వు సిగ్నల్స్ ఎదురెదురుగా ఉన్నప్పుడు (అపోజ్డ్ ఫేజ్) ఒకసారి, కలిసి ఉన్నప్పుడు (ఇన్ ఫేజ్) ఒకసారి తీసి, రెండిటినీ వేరు చేస్తారు. 1.5 టెస్లాకి అపోజ్డ్ ఫేజ్ సుమారు 2.2, ఇన్ ఫేజ్ 4.4 మిల్లీసెకన్లు, 3 టెస్లాకి అందులో సగం. నీటి ఇమేజ్‌లో ఒక భాగం అంచు కత్తిరించినట్టు కొవ్వు తెల్లగా కనబడితే అది స్వాప్, అంటే నీరు, కొవ్వు తారుమారైనట్టు. కొవ్వు ఇమేజ్ తెరిచి చూడండి, పోయిన నీటి సిగ్నల్ అక్కడే దొరుకుతుంది.

0.3 టెస్లా ఓపెన్ మెషిన్‌లో ఫ్యాట్ శాట్ ఎందుకు పెట్టరని అడిగితే లెక్క వేసి చూపించండి: 42.58ని (ఒక టెస్లాకి హైడ్రోజన్ ఫ్రీక్వెన్సీ, మెగాహెర్ట్జ్‌లో) 0.3తో, 3.5తో గుణిస్తే 45 హెర్ట్జ్ కూడా రాదు. పీకులు రెండూ కలిసిపోతాయి, పల్స్ వాటిని విడదీయలేదు. అక్కడ స్టిర్ గానీ డిక్సన్ గానీ రాయండి.