రిఫ్‌లో పొగరు: వేసవి సాధన ఎక్కడిదాకా వచ్చిందంటే

ఎండాకాలం మొదలైనప్పటి నుంచి సత్యనారాయణపురంలో మా మేడగదిలో ఒకటే పని. గిటార్ మీద ఎలక్ట్రిక్ బ్లూస్-రాక్ పద్ధతిలో సొంతంగా ఒక రిఫ్ (పాటలో తిరిగి తిరిగి వచ్చే చిన్న స్వరాల ముక్క) కట్టాలి, అది వినబడగానే గదిలోకి ఎవరో ఛాతీ విరుచుకుని నడిచొచ్చినట్టుండాలి.

స్వరాలు చాలా తక్కువ. ఇ మైనర్ పెంటటానిక్ అనే అయిదు స్వరాల వరస: ఆరో తీగ (అన్నిటికన్నా లావుది), అయిదో తీగ, నాలుగో తీగ ఓపెన్‌గా (వేలు నొక్కకుండా), ఆరో తీగ మీద 3వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు), మిగతా రెండింటి మీద 2వ ఫ్రెట్. ఇ ని షడ్జం అనుకుంటే ఇవి మన శుద్ధ ధన్యాసి స్వరాలే. ఆ 3వ ఫ్రెట్ గాంధారాన్ని మాత్రం ఉన్నచోట ఉంచకూడదు. తీగను నేలవైపు కాస్త లాగితే సాధారణ గాంధారం దాటుతుంది, అంతర గాంధారం దాకా పోదు. బ్లూస్ ప్రాణం ఆ మధ్యలోనే ఉంది. ఎంత లాగాలన్నది చెవే చెప్పాలి.

అసలు పొగరు మాత్రం డిస్టార్షన్‌లో (శబ్దాన్ని గరగరలాడించడంలో) లేదు, ఆగడంలో ఉంది. వేగం నిమిషానికి 96 బీట్లు పెట్టుకుని, టిక్కులతో తాళం వేసే మెట్రోనోమ్‌ని 48కి తిప్పి, ఆ టిక్కుల్ని 2, 4 బీట్లుగా లెక్కేస్తున్నాను. ఒకటో బీటు మనమే మోసుకోవాలి. రెండో బార్‌లో (నాలుగు బీట్లు ఒక బార్) నాలుగో బీటు పూర్తిగా ఖాళీ. ఫజ్ (గరగర తెచ్చే పెడల్) వేసినప్పుడు చెయ్యి తీసేస్తే సరిపోదు, తీగలు మోగుతూనే ఉంటాయి. కుడి అరచెయ్యి తీగలు ఆనే బ్రిడ్జ్ దగ్గర, ఎడమ వేళ్లు తీగల మీద తేలిగ్గా, రెండూ ఒకేసారి పడాలి. మొన్న తమ్ముడు బల్ల మీద దరువేస్తూ, "అన్నయ్యా, నువ్వు ఆపిన చోటే తల ఊగుతోంది" అన్నాడు. ఆ సాయంత్రం ఇంకేమీ వాయించబుద్ధి కాలేదు!

బ్లూస్ గాయకుడు, గిటారిస్టు మడ్డీ వాటర్స్ 1943లో మిసిసిపీ నుంచి షికాగో వెళ్లాక, క్లబ్బుల గోలలో మామూలు గిటార్ వినబడకే ఎలక్ట్రిక్ పట్టుకున్నారు. ఇప్పటి బ్లూస్-రాక్ హోరంతటికీ అక్కడ బీజం ఉంది.

సౌండ్ సంగతి. ఫజ్ పెడల్‌ని గిటార్ తర్వాత మొదటిదిగా పెట్టాను, గెయిన్ (గరగర మోతాదు) సగం లోపే. గిటార్ వాల్యూమ్ 6 దగ్గర ఉంటే గరగర తగ్గి మాట స్పష్టంగా వస్తుంది, రిఫ్ తిరగబడే చోట 10కి తిప్పుతాను. సింగిల్ కాయిల్ పికప్‌కి (తీగల కదలికను పట్టే, ఒకటే తీగచుట్ట ఉన్న భాగానికి) ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గర 50 హెర్ట్జ్ గుర్రుమోత తప్పదు, కాస్త పక్కకు తిరిగి కూర్చుంటే బాగా తగ్గుతుంది. తీగలు 10-46 సెట్ (మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). బెజవాడ చెమటకి తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి వాయించగానే నూలుగుడ్డతో తీగల కిందనుంచి కూడా తుడుస్తున్నాను.

ఇక రిఫ్‌ని బ్లూస్ మామూలు చట్రమైన 12 బార్లలోకి ఎక్కించాలి: నాలుగు బార్లు ఇ, రెండు ఏ, రెండు ఇ, తర్వాత బి, ఏ, చివర రెండు ఇ. ఏ కోసం అదే ఆకారం ఒక తీగ జరిపితే చాలు. బి దగ్గర లావు తీగల్లో ఓపెన్ తీగ దొరకదు. అయిదో తీగ 2వ ఫ్రెట్ నుంచి 5వ ఫ్రెట్‌కి చిటికెనవేలు సాగాలి, పైగా ఆ లాగుడు కూడా దానితోనే తియ్యాలి. ప్రస్తుతం 70 వేగంలో శుభ్రంగా పడుతోంది.